ఆ రాత్రి సెల్లార్‌లో కారు లేచింది

ఇది జరిగింది. నాకే జరిగింది. పాప మీద ఒట్టేయమని మాత్రం అడక్కండి... పిల్ల మీద ఒట్టు అబద్ధానికే కాదు, నిజానికి కూడా వేయలేను నేను. అంత భయస్తురాలిని. నా మాట మీదే నమ్మాలి మీరు.

ఇప్పుడు కూడా పాప నా పక్కనే పడుకుని ఉంది. ఎడమ చెయ్యి దాని పొట్ట మీద ఉంచి, కుడి చేత్తో రాస్తున్నాను. పొట్ట లేస్తోంది... దిగుతోంది. బాగానే ఉంది. చెబుతాను.

మాది గుణదలలో ఒక పాత అపార్ట్‌మెంట్. మూడో అంతస్తు. మా ఆయన కిరణ్‌కి కార్ల పిచ్చి. పాప పుట్టిన ఏడాదే సెకండ్ హ్యాండ్‌లో ఒక జర్మనీ కారు కొన్నారు. దానికి వెనక చక్రాల దగ్గర ఇనుప స్ప్రింగులు ఉండవు. వాటి చోట రబ్బరు తిత్తులుంటాయి. ఒక చిన్న పంపు వాటిలోకి గాలి కొడుతుంది. ఆ గాలి మీదే బండి నిలబడుతుంది. గుంతలో పడినా లోపలివాళ్ళకి ఉయ్యాల ఊగినట్టు ఉంటుంది, అంతే.

మా పాప నెలలు నిండకుండానే పుట్టింది. మొదటి నుంచీ నిద్ర తక్కువ, జలుబు ఎక్కువ. ఎవరు ఎత్తుకున్నా నిద్రపోదు. ఆ కారు ఎక్కితే మాత్రం వీధి మలుపు తిరిగేలోపే తల వాల్చేసేది.

వానలు మొదలయ్యాక ఒక తేడా గమనించాను. పొద్దున్నే చూస్తే కారు వెనక ఎడమవైపు కూలబడి ఉండేది. స్టార్ట్ చేయగానే ‘గుర్ర్ర్’మని పంపు మోగేది. బండి మెల్లగా లేచి సమానమయ్యేది.

“ఏవండీ, కారు ఓ పక్కకి కుంటుతోంది,” అన్నాను.

“కుంటడం కాదు, మోస్తోంది. మీ నాన్నగారు ఎక్కించిన బియ్యం ఎవరు దింపారు?” అన్నారు కిరణ్.

నిజమే. కంకిపాడు వెళ్ళినప్పుడల్లా మా నాన్న డిక్కీలో బియ్యం బస్తాలు వేసి పంపుతారు. వద్దంటే ఊరుకోరు. ఆసారి మా లిఫ్టు చెడిపోయింది. మూడంతస్తులు మోయలేక బస్తాలు డిక్కీలోనే ఎడమ పక్కగా ఉండిపోయాయి. ఏ పూటకి కావలసిన బియ్యం ఆ పూట డబ్బాతో పైకి తెచ్చుకునేదాన్ని. అలా తెస్తుండగా ఒకరోజు తట్టింది. బస్తా తగ్గుతోంది. బరువూ తగ్గుతోంది. కారు మాత్రం ఇంకా ఇంకా కిందికి దిగుతోంది.

ఆ మాట అనగానే కిరణ్ ఆలోచనలో పడ్డారు. ఇంజనీరింగ్‌లో తనతో చదివిన ఇర్ఫాన్‌కి ఫోన్ చేశారు. గవర్నర్‌పేటలో వాళ్ళ నాన్నగారిది స్పేర్ పార్టుల షాపు. ఇతను విదేశీ కార్ల రిపేరు నేర్చుకుని సొంతంగా గ్యారేజీ పెట్టాడు. ఆ పనిలో తనని మించినవాడు లేడని అతని నమ్మకం. ఆ నమ్మకాన్ని దాచుకోడు కూడా.

“బియ్యం బస్తాలా? రేయ్, నీకు డిగ్రీ ఎవడిచ్చాడ్రా?” అన్నాడు ఇర్ఫాన్, వచ్చీ రాగానే కారు చుట్టూ తిరుగుతూ.

“నీ పేపర్ చూసి రాశాను కదా, అందుకే ఇలా ఏడ్చింది,” అన్నారు మా ఆయన.

“వదినా, గిన్నెలు తోమే సబ్బు నీళ్ళు కొంచెం కలిపివ్వండి.”

ఇచ్చాను. చక్రం వెనక రబ్బరు తిత్తి మీద ఆ నీళ్ళు చల్లాడు. మడత దగ్గర చిన్నగా నురగ లేచింది. బుడగ మీద బుడగ.

“ఇదిగో మీ దొంగ. రబ్బరు పగిలింది. రాత్రంతా గాలి పోతుంది, పొద్దున్నే పంపు మళ్ళీ నింపుకోవాలి. ఇలాగే నడిపితే పంపు కూడా కాలిపోతుంది. కొత్త తిత్తి చెన్నై నుంచి రావాలి.”

పంపుకి కరెంటు వెళ్ళే చోట నుంచి అగ్గిపెట్టెలో సగం ఉండే నల్లటి ముక్క ఒకటి పీకి నా చేతిలో పెట్టాడు. రిలే అంటారట.

“ఇది లేకపోతే పంపు తిరగదు. బండి కూలబడుతుంది, పడనివ్వండి. ఎవరూ నడపొద్దు. టైరు పైన రేకుకి రాసుకుంటే పేలిపోతుంది.”

ఆ ముక్క వంటింటి షెల్ఫులో పెట్టాను. బియ్యం బస్తాలు స్నేహితులిద్దరూ తిట్టుకుంటూ పైకి చేర్చారు. బరువు దించినా సరే... సాయంత్రానికి కారు ఎడమ మూల ఇంకా కిందికి వచ్చేసింది. టైరు సగం రేకు లోపలికి వెళ్ళిపోయింది.

పార్టు ఇంకా రాలేదు. కిరణ్ ఆఫీసు పని మీద విశాఖ వెళ్ళారు. తెల్లారేసరికి రైలు దిగుతానన్నారు.

ఆ రాత్రి...

పాపకి పొద్దుటి నుంచీ జలుబు. చీకటి పడ్డాక పిల్లికూతలు మొదలయ్యాయి. ఊపిరి తీస్తే సన్నగా ‘కీ...’మని. వదిలితే ‘కీ...’మని. మా పిల్లల డాక్టరుగారు ఎప్పుడో చెప్పి ఉన్నారు, డొక్కలెగరేస్తే ఆలస్యం చేయొద్దని. గౌను పైకెత్తి చూశాను. పక్కటెముకల కింద చర్మం లోపలికి పోతోంది. వస్తోంది. పోతోంది.

క్యాబ్ బుక్ చేశాను. క్యాన్సిల్ అయింది. ఇంకోటి. అదీ అంతే. బయట కుండపోత. పాపని దుప్పట్లో చుట్టి మెట్లన్నీ దిగి సెల్లార్‌లోకి వచ్చాను. వాచ్‌మన్ సూర్యం కుర్చీలోంచి లేచాడు.

“అయ్యో, ఈ వానలో పిల్లనెక్కడ తిప్పుతారమ్మా? ఇక్కడ జల్లు కొడతంది. మీరు కార్లో కూచోండి. నేను రోడ్డు మీదికెళ్ళి ఆటో పట్టుకొస్తా,” అని గొడుగు తీసుకుని పరుగెత్తాడు.

ఎడమవైపు వెనక తలుపు తీశాను. ఎంత కిందికి ఉందంటే, పీట మీద కూర్చున్నట్టు వంగి కూర్చోవాల్సి వచ్చింది. తలుపు వేసుకున్నాను. కారు వాలి ఉంది కదా... నేనూ పాపా తలుపు వైపు జారిపోయాం. నా భుజం తలుపుకి గట్టిగా ఆనుకుంది. కాళ్ళు సీటు మీదకి మడుచుకుని పాపని ఒళ్ళో నిలువుగా పట్టుకున్నాను. లోపలి లైటు మెల్లగా ఆరిపోయింది.

పాప ఏడుపు. పిల్లికూత. బయట వాన. ఇంకేం లేదు.

“వచ్చేస్తుందమ్మా... ఆటో వచ్చేస్తుంది...” అంటున్నాను. పాపకి చెబుతున్నానో, నాకు చెప్పుకుంటున్నానో తెలియదు.

అప్పుడు...

మొదట కళ్ళు తిరుగుతున్నాయనుకున్నాను. నా భుజం తలుపు నుంచి విడిపోయింది.

నేను కదల్లేదు. తలుపే దూరం జరిగినట్టయింది. కాదు... నా కింద సీటు లేస్తోంది. మెల్లగా. చాలా మెల్లగా. పంపు చప్పుడు లేదు. గుర్రుమనలేదు. చెవులు రిక్కించి విన్నాను. అసలు ఏ చప్పుడూ లేదు. కూలబడిన మూల దానంతట అది పైకి వస్తోంది... నిద్రపోతున్న ఏనుగు పక్క మీద కూర్చుంటే అది గాలి పీల్చినట్టు.

ఆగింది.

పాపని గుండెలకి అదుముకున్నాను. కేక వేద్దామంటే సూర్యం రోడ్డు మీద ఉన్నాడు.

తర్వాత కొంచెం దిగింది. మళ్ళీ లేచింది. దిగింది. లేచింది. తొందర లేదు దానికి.

తలుపు తీసుకుని పారిపోవాలి కదా? చెయ్యి తలుపు మీదకి వెళ్ళింది కూడా. కానీ పాప ఏడుపు ఆపేసింది. కళ్ళు తెరిచి పైకి చూస్తోంది. భయంగా కాదు... తెలిసిన మనిషి ఎత్తుకుంటే చూసినట్టు. నా చెయ్యి అక్కడే ఆగిపోయింది.

కారు లేచినప్పుడు పాప ఊపిరి తీసుకుంటోంది. మొదట రెండు మూడు ఊపిర్లకి ఒకసారి కలిసేది. తర్వాత... ఒకటికి ఒకటి. కారు లేస్తే పీల్చడం, దిగితే వదలడం. కూత సన్నబడింది. నేను కూడా దాంతోపాటే ఊపిరి తీస్తున్నానని కాసేపటికి గమనించాను. ముగ్గురం... అని రాయబోయి ఆగాను. ఏమో. అలాగే అనిపించింది మరి.

ఎంతసేపో చెప్పలేను. ఆటో లైట్లు గోడ మీద పడ్డాయి. కారు పైకి లేచిన చోటే ఆగిపోయింది. ఇక కదల్లేదు.

సూర్యం తలుపు తీశాడు. “అయ్యగారొచ్చేశారా అమ్మా? ర్యాంపు మీంచి చూశా, బండి లేపుతున్నారు...”

“ఎవరూ రాలేదు సూర్యం.”

డ్రైవర్ సీటు వైపు చూశాడు. నా వైపు చూశాడు. గొడుగు పాప మీద పట్టి నన్ను ఆటో ఎక్కించాడు.

ఆసుపత్రిలో పాప ముక్కుకి మాస్కు పెట్టి మందు ఆవిరి పట్టించారు. “సరైన టైముకే తెచ్చారు. బాగా ఎగశ్వాస వచ్చిందన్నారు, ఇప్పుడు అంత లేదే? దారిలో మందేమైనా వేశారా?” అని అడిగింది డ్యూటీ డాక్టరమ్మ.

“లేదండి. ఏడుపు ఆపేసింది.”

“అది కూడా మంచిదే. ఏడుపు తగ్గితే ఊపిరి కొంత కుదురుకుంటుంది,” అంది. అంతే అయ్యుండొచ్చు. కాదనను.

తెల్లవారుజామున కిరణ్ స్టేషన్ నుంచి నేరుగా ఆసుపత్రికే వచ్చారు. పాపని ఎత్తుకుని చాలాసేపు వదల్లేదు. పొద్దున్నే ఆసుపత్రివాళ్ళు మమ్మల్ని ఇంటికి పంపించారు. కారు సంగతి నేనేం చెప్పలేదు ఆయనకి. సెల్లార్‌లోకి రాగానే తనే ఆగిపోయారు.

కారు సమానంగా నిలబడి ఉంది. ఏ లోపమూ లేనట్టు.

“ఇర్ఫాన్ వచ్చి బాగు చేసి వెళ్ళాడా?”

తల అడ్డంగా ఊపాను. ఆయన దగ్గరికి వెళ్ళి టైరు పైన చెయ్యి పెట్టి చూశారు. పాప నా భుజం మీద నిద్రలోంచి కదిలి, కారు వైపు తల తిప్పి “ఊ...” అంది. చిన్నగా.

‘ఉస్స్స్...’

కారు కింద నుంచి, సుదీర్ఘంగా. ఎవరో పెద్దవాళ్ళు రాత్రంతా మేలుకుని, ఇక పడుకోవచ్చని నడుం వాల్చినట్టు. మా కళ్ళ ముందే ఆ మూల కిందికి దిగిపోయింది. టైరు రేకులో దాక్కుంది.

కిరణ్ నా మోచెయ్యి పట్టుకున్నారు.

ఇర్ఫాన్‌కి మొత్తం చెప్పాం. ముందు నవ్వాడు. “గాలి దాచుకునే ట్యాంకు ఉండుంటుంది వదినా, కొన్ని మోడల్స్‌కి ఉంటుంది. తలుపు తీసేసరికి అందులోంచి ఎక్కింది.” బండి కిందకి దూరి వెతికాడు. బయటికి వచ్చాక చేతులు తుడుచుకుంటూ, “దీనికి లేదు,” అన్నాడు. “కుడి తిత్తి నుంచి ఎడమ దానికి మళ్ళిందేమో.” మరి కుడివైపు దిగలేదే? ఆ మాటా తనే అన్నాడు. రిలే ఉందా అని అడిగాడు. షెల్ఫులోంచి తెచ్చి చూపించాను.

“రాత్రి టెన్షన్‌లో నువ్వే కాళ్ళు ఊపుంటావు,” అన్నారు కిరణ్. పిల్లని కాళ్ళ మీద వేసుకుని ఊపడం నాకు అలవాటే. కానీ ఆ రాత్రి కాళ్ళు మడుచుకుని ఉన్నాను. పైగా బండి లేవడం ర్యాంపు మీద నుంచి సూర్యం కూడా చూశాడు కదా?

చెన్నై నుంచి పార్టు వచ్చింది. ఇర్ఫాన్ పాత తిత్తి విప్పి బయటికి తీశాడు. సబ్బు నీళ్ళు చల్లిన రోజు నురగ వచ్చేంత పగులు. ఇప్పుడు మడత పొడుగునా వేలు దూరేంత చీలిక. దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. చీలికలోకి వేలు దూర్చి తీశాడు.

“ఇది గాలి ఆపదు వదినా. ఒక్క నిమిషం కూడా ఆపదు.”

కొత్తది బిగించాడు. రిలే పెట్టాడు. పంపు గుర్రుమంది. బండి లేచింది. అప్పటి నుంచి ఒక్క పొద్దున కూడా కుంటలేదు. తర్వాత కొన్నిసార్లు నేను ఒక్కదాన్నే వెళ్ళి ఆ వెనక సీట్లో కూర్చున్నాను. చాలాసేపు. కారు కారులాగే ఉంది.

మొన్న కిరణ్ అన్నారు, “నీకు ఇబ్బందిగా ఉంటే అమ్మేద్దాం. ఇర్ఫాన్ దగ్గర కొనేవాళ్ళు ఉన్నారట.”

“వద్దు. ఉండనీండి.”

“భయం లేదా?”

“ఉంది.”

“మరి?”

ఆ రాత్రి నా బిడ్డని పట్టుకున్నది ఏమిటో నాకు తెలియదు. తెలియకుండా దాన్ని ఎవరి చేతుల్లోనో పెట్టి పంపించడానికి... మనసు రాలేదు.