ఉపవాసం కాఫీలో ఏం కలిపాం

2023 ఎండాకాలం. అప్పట్లో నేను జగ్గయ్యపేటలో ఒక చిన్న ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా పనిచేసేదాన్ని. ఇళ్ళకు వెళ్ళి రక్తం తీసుకొచ్చే హోమ్ కలెక్షన్ కూడా నాదే. పొద్దున్నే స్కూటీ మీద పెట్టె పెట్టుకుని బయలుదేరితే, ఎండ ముదిరేలోపు ఊరంతా ఒక చుట్టు తిరిగొచ్చేదాన్ని. సూదులతో పని కాబట్టి నాకు భయం ఉండదని అందరూ అనుకుంటారు. నిజానికి నేను మహా పిరికిదాన్ని. రక్తాన్ని చూసి భయపడను గానీ, ఎదుటి మనిషి కళ్ళు తేలేస్తే నాకేం చెయ్యాలో తోచదు.

రాజ్యలక్ష్మి గారు మా ల్యాబ్‌కు పాత కస్టమరు. బజారులో వాళ్ళది హోల్‌సేల్ కిరాణా. కింద కొట్టు, పైన ఇల్లు. యాభై దాటిన మనిషి, చాలా ఏళ్ళుగా షుగరు. కొట్లో గుమస్తాల దగ్గర్నుంచి ఇంట్లో భర్త దాకా ఆవిడ మాటకు ఎదురుండదు. ఆ ఏడాది ఫోనులో వీడియోలు చూసి ఇంటర్మిటెంట్ ఫాస్టింగ్ మొదలుపెట్టారు. అంటే సాయంత్రం పెందలాడే తినేసి, మర్నాడు మధ్యాహ్నం పన్నెండు దాకా ఏమీ ముట్టకపోవడం. మధ్యలో పాలూ పంచదారా లేని బ్లాక్ కాఫీ మాత్రం తాగొచ్చట. ఆ చేదే ఆవిడకు గొంతు దిగేది కాదు.

"కాఫీలో ఏం కలుపుకుంటే ఉపవాసం చెడదు అమ్మాయ్? ఒకడేమో దాల్చినచెక్క అంటాడు, ఇంకొకడు నిమ్మకాయ పిండుకోమంటాడు. మా కోడలు చిటికెడు ఉప్పు వెయ్యమంటంది," అన్నారు ఒకసారి, నేను చేతికి పట్టీ కడుతుంటే.

"నేను సూది గుచ్చేదాన్ని ఆంటీ, నాకేం తెలుసు? మీరు మాత్రలు వాడుతున్నారు కదా, మీ నందిగామ డాక్టరమ్మను అడిగి చెయ్యండి."

"ఉపవాసానికి డాక్టరెందుకే? ఇన్నేళ్ళ నుంచీ ఏకాదశులు చెయ్యట్లేదా నేను?" అని నవ్వేశారు.

తర్వాత కొన్ని వారాలకు హెచ్‌బీఏవన్‌సీ కోసం వాళ్ళింటికి వెళ్ళాను. అది మూడు నెలల సగటు షుగరు చెప్పే పరీక్ష. పరగడుపున తీయనక్కర్లేదు కాబట్టి మిగతా ఇళ్ళన్నీ చూసుకుని చివర్లో వెళ్ళాను. అప్పటికి పదకొండు కావస్తోంది.

ఆవిడ సోఫాలో కూర్చుని ఉన్నారు. ఎదురుగా కూలరు తిరుగుతున్నా జాకెట్టు చెమటకు తడిసిపోయింది. చేతులు వణుకుతున్నాయి. నన్ను చూసి, "ఎవరు నువ్వు? కొట్టు కిందుంది, కింద కొనుక్కో పో," అన్నారు కోపంగా.

వెనకాలే ఆవిడ భర్త వెంకటేశ్వరరావు గారు మెట్లెక్కి వచ్చారు. "పొద్దుట్నుంచి ఇదే వరసమ్మా. కోపంలో ఉందనుకుని నేను కిందికి పోయా."

వేలు గుచ్చి గ్లూకోమీటరులో చూశాను. నలభై ఒకటి. డెబ్భైకి తగ్గితేనే మేం హైపో అంటాం, అంటే షుగరు పడిపోవడం.

"పొద్దున మాత్ర వేసుకున్నారా అంకుల్?"

"వేసుకుందమ్మా, కాఫీతో. ఇదివరకు పన్నెండింటికి తిండితో వేసుకునేది. ఈ వారం నుంచి అందులో పెద్ద చెంచాతో నెయ్యి వేసుకుంటంది. ఇక టిఫిన్‌తో పనిలేదు, మాత్రకి ఆ నెయ్యి బలం చాలంది."

అప్పుడర్థమైంది. మన ఇళ్ళలో ఉపవాసమంటే కాఫీకీ మందుకూ మినహాయింపు ఉంటుంది, ఆ రెండూ ఎన్నిసార్లు తీసుకున్నా ఎవరూ తప్పు పట్టరు. ఆవిడ ఆ అలవాటునే దీనిలోకీ తెచ్చుకున్నారు. దాంతో ఆ నెయ్యి కాఫీ ఉపవాసానికి తిండి కాకుండా పోయింది, మాత్రకు మాత్రం తిండి అయింది. నెయ్యి వల్ల షుగరు పెరగదు. ఆవిడ వేసుకునే రకం మాత్రేమో మనిషి తిన్నా తినకపోయినా షుగరును కిందికి లాగుతూనే ఉంటుంది.

"పంచదార తెండి అంకుల్, త్వరగా."

ఆయన వంటింట్లో డబ్బాలన్నీ వెతికి షుగర్‌ఫ్రీ ప్యాకెట్టు పట్టుకొచ్చారు. అది నాలుకకు తియ్యగా ఉంటుందే గానీ రక్తంలో షుగరును పెంచదు. "పంచదార లేదమ్మా, బెల్లం కూడా లేదు. కళ్ళబడితే తినాలనిపిస్తదని తనే అన్నీ తీయించేసింది," అన్నారు. కింద బస్తాలకు బస్తాలు పంచదార ఉంది, పైన వంటింట్లో చెంచాడు లేదు.

ఆయన కిందికి పరిగెత్తారు. నేనూ ఆవిడా మిగిలాం. అంబులెన్సుకు ఫోను చేస్తే వస్తున్నామన్నారు, కానీ బజారులో లారీలు అడ్డంగా నిలబెట్టి సరుకు దించుతున్నారు. ఆవిడ తల ఒక పక్కకు వాలుతోంది. నేను బుగ్గలు తడుతూ పేరు పెట్టి పిలుస్తున్నాను. స్పృహ తప్పితే నోట్లో ఏదీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇక సూది మందే దిక్కు. నా పెట్టెలో మనిషి దగ్గర తీసుకోవడానికి అన్నీ ఉంటాయి, ఇవ్వడానికి ఏమీ ఉండదు. ఈవిడ నా చేతుల్లోనే పోతుందేమోనని ఏడుపొచ్చింది, మింగేశాను.

ఆయన కాగితం పొట్లంతో వచ్చారు. నీళ్ళలో కలిపి నోటి దగ్గర పెడితే ఆవిడ గ్లాసును విసిరికొట్టారు. "పన్నెండు కాలేదు. నా ఉపవాసం చెడగొడతారా?" అని పళ్ళు బిగించారు. షుగరు అంతగా పడిపోతే మనిషికి మంచీ చెడూ తెలియదు, మొండితనం ఒక్కటే మిగులుతుంది. "తాగండి ఆంటీ, ఏం కాదు," అని నేను వీలైనంత నిబ్బరంగా చెప్పాను. వినలేదు.

బల్ల మీద ఫ్లాస్కు కనపడింది. పొద్దుటి కాఫీ అడుగున ఇంకా ఉంది, గోరువెచ్చగా.

"కాఫీలో కలపండి అంకుల్. కాఫీ అయితే తాగుతారు."

ఆవిడ రోజూ తాగే గ్లాసులోనే పోశారు. అలవాటు కొద్దీ ఆయన చెయ్యి నేతి గిన్నె మీదికి పోయింది. పట్టుకుని ఆపాను. నెయ్యి పడితే పంచదార ఒంటికి పట్టడం ఆలస్యమవుతుంది. పొట్లంలో మిగిలిన పంచదారంతా వేసి కలిపారు. ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు. చేతిలో గ్లాసు నిలవడం లేదు.

"నీ కాఫీయే రాజ్యం. నెయ్యే వేశా. తాగు."

ఆవిడ ఒక గుక్క తాగి ఆగారు. ఆయన వంకే చాలాసేపు చూశారు. తర్వాత గ్లాసు ఖాళీ చేశారు.

పావుగంట తర్వాత చూస్తే షుగరు డెబ్భై దాటింది. అయినా నా దడ తగ్గలేదు. ఆ మాత్ర ప్రభావం గంటల తరబడి ఉంటుంది, మళ్ళీ పడిపోవచ్చు. అంబులెన్సు ఎక్కించి నందిగామ తీసుకెళ్ళాం. హైవే మీద ఆవిడ రెప్ప వాల్చినప్పుడల్లా ఏదో ఒకటి అడిగి మాట్లాడించాను. మర్నాటి దాకా ఆసుపత్రిలోనే ఉంచారు. "కాఫీలో ఏం కలుపుకున్నా అది మాత్రకు తిండి కాదమ్మా. ఉపవాసం చెయ్యాలనుంటే ముందు నాతో మాత్రల సంగతి మాట్లాడండి," అన్నారు డాక్టరమ్మ. ఆవిడ మొదటిసారి ఎదురు చెప్పకుండా తలూపారు.

కొన్ని నెలల తర్వాత మళ్ళీ వాళ్ళింటికి వెళ్ళాను. మాత్రల పెట్టె పక్కన చిన్న సీసాలో పంచదార ఉంది. చెయ్యి చాపి కూర్చుని ఆవిడే ఆ మాట ఎత్తారు.

"ఆ రోజు ఆయన నెయ్యన్నారు గానీ, మొదటి గుక్కకే పంచదారని తెలిసిపోయిందే. ఇంకేమీ గుర్తు లేదు, ఆ తీపి గుర్తుంది."

"మరి ఉమ్మెయ్యలేదేం ఆంటీ?"

"ఆయన మొహం చూశా. కొట్లో దొంగలు పడ్డప్పుడు కూడా ఆయన అట్లా బెదరలేదు. అంత మనిషి వణుకుతుంటే ఇంకేం ఉపవాసం?"

పేషెంటుకు మన భయం కనపడకూడదని మాకు ట్రైనింగులో నేర్పారు. నేను కనపడనివ్వలేదు, నా మాట ఆవిడ వినలేదు. ఆయనకు దాచుకోవడం చేతకాలేదు, ఆవిడ బతికారు. ఇప్పుడు ఏ ఇంటికి వెళ్ళినా సూది తీసే ముందు, మాత్ర వేసుకున్నారా, దాంతో ఏం తిన్నారు అని అడుగుతాను. కాఫీ తాగామంటే, అందులో ఏం కలిపారని కూడా అడుగుతాను. అడిగేటప్పుడు నా గొంతు కాస్త వణుకుతుంది. వణకనిస్తాను.