ముప్పై చుట్లు తిరగని ఆయిల్

మా బావ పద్దెనిమిదేళ్లు బస్సు నడిపాడు. అందులో ఏ ఒక్క రోజూ డిప్‌స్టిక్ చూడకుండా సీట్లో కూర్చోలేదు. ఈ రెండో వాక్యం రాయడానికి నాకు రెండేళ్లు పట్టింది.

ఆయన పద్ధతి చూసి డిపోలో నవ్వని వాళ్లు లేరు. మెకానిక్ చూసి పుస్తకంలో రాసి పెట్టినా సరే, పొద్దున్నే తనే బానెట్ ఎత్తి, ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ బయటికి లాగి, జేబులోంచి పాత చొక్కా గుడ్డ తీసి శుభ్రంగా తుడిచి, మళ్లీ ముంచి వెలుతురుకు పట్టి చూసేవాడు. తర్వాత మళ్లీ తుడిచి, మళ్లీ ముంచి, ఇంకోసారి. చివర్న ఆ చుక్కను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి చూసుకునేవాడు. ఆ గుడ్డముక్క మా అక్క ప్రాణానికొచ్చింది. ఆయన చొక్కాలన్నిటికీ ఎడమ జేబు దగ్గర నల్లటి మరకే.

"మీరు కట్టుకున్నది నన్నా, ఆ ఇంజన్నా?" అని సణిగేది అక్క.

"ఇంజన్నైతే ఇన్ని మాటలు పడే బాధ ఉండేది కాదు" అనేవాడు బావ. అదీ గుమ్మం దాకా వెళ్లాక, చేతికి అందనంత దూరం చూసుకుని.

అక్క పెళ్లయ్యేనాటికి నాకు ఎనిమిదేళ్లు. అమ్మ పోయాక వాళ్లింట్లోనే పెరిగాను, ఇప్పటికీ ఆ ఇంటి పై గదిలోనే ఉంటున్నాను. నేను కెమిస్ట్రీ చదువుతానంటే చుట్టాలంతా పెదవి విరిచారు. బావ ఒక్కడే, "చదవనివ్వండి, మనింట్లో ఒక్కరైనా చేతికి జిడ్డంటకుండా బతకాలి" అన్నాడు. తీరా నాకు ఉద్యోగం దొరికింది ఇంజన్ ఆయిల్ తయారుచేసే ఫ్యాక్టరీలో. అక్కడి ల్యాబ్‌లో నా చేతులకూ అదే జిడ్డు. అది చూసి పడీ పడీ నవ్వి, నాకు 'ఆయిల్ డాక్టర్' అని పేరు పెట్టాడు. వాళ్ల డిపోకి మా ఆయిలే వెళుతుంది. బస్సెక్కిన తెలిసినవాళ్లందరికీ చాటింపు వేసినట్టు చెప్పేవాడు: "ఇదిగో, మా మరదలు. ఈ ఇంజన్లో ఉన్న ఆయిల్ ఈ అమ్మాయి సంతకం లేకుండా గేటు దాటదు."

నా పనేమిటో చెప్పకపోతే నా తప్పేమిటో తెలియదు. ఏ ఆయిలైనా చల్లగా ఉన్నప్పుడు చిక్కగా ఉంటుంది, కాగితే నీళ్లలా పలచబడుతుంది. అలా పలచబడిపోతే ఇంజన్లో ఇనుము ఇనుముకు రాసుకుంటుంది. అది జరగకుండా ఆయిల్లో ఒక పాలిమర్ కలుపుతాం. చూడ్డానికి రబ్బరు తునకల్లా ఉంటుంది. వేడి ఆయిల్లో వేసి గంటల తరబడి కలియబెడితే కరిగిపోతుంది. కంటికి కనిపించని పొడవాటి దారాలనుకోండి. చల్లగా ఉన్నప్పుడు ఉండచుట్టుకుని పడుంటాయి, వేడెక్కగానే విచ్చుకుని పలచబడే ఆయిల్ని పట్టి ఆపుతాయి. దారం ఎంత పొడవైతే అంత గట్టిగా పట్టుకుంటుంది. కానీ తెగేదీ ఆ పొడవాటి దారమే. బేరింగుల సందుల్లో నలిగి నలిగి ఒకసారి తెగిందంటే మళ్లీ అతకదు. అప్పుడు కూడా ఆయిల్ రంగు మారదు, డిప్‌స్టిక్ మీద మట్టం తగ్గదు. చిక్కదనం ఒక్కటే పోతుంది.

అందుకని మా ల్యాబ్‌లో రెండు పరీక్షలు. మొదటిది సులువు. నూరు డిగ్రీల వేడిలో గాజు గొట్టం నిలబెట్టి, ఆయిల్ ఈ గీత నుంచి ఆ గీతకు ఎన్ని సెకన్లలో దిగుతుందో స్టాప్‌వాచ్‌తో చూసి, చిక్కదనం లెక్క కడతాం. రెండోదానికి ఓపిక కావాలి. అదే ఆయిల్ని సన్నటి నాజిల్లోంచి గట్టి ఒత్తిడితో ముప్పై సార్లు పంపి, తెగే దారాలన్నీ తెగనిచ్చి, అప్పుడు మళ్లీ గాజు గొట్టంలో కొలుస్తాం. మేం దాన్ని 'ముప్పై చుట్లు' అంటాం. మొదటి పరీక్ష ఆయిల్ ఇవాళ ఎలా ఉందో చెబుతుంది. పనిలో పడ్డాక ఎలా ఉంటుందో చెప్పేది రెండోదే.

ఆ వేసవిలో మాకు పాలిమర్ పంపే కంపెనీ మారింది. కొత్త సరుకుతో వచ్చిన కాగితంలో 'పాతదానికి సమానం' అని ఉంది. కొంచెం వేసినా బాగా చిక్కబడుతోందని కలిపేవాళ్లు మురిసిపోయారు. అంటే దారాలు మరీ పొడవన్నమాట, నేను అనుమానపడాల్సింది అక్కడే. మొదటి బ్యాచ్ చిక్కదనం నూరు డిగ్రీల దగ్గర పదిహేను చూపించింది. మాకు పన్నెండున్నరకు తగ్గకుండా ఉంటే చాలు. అద్దంలా ఉంది ఆయిల్. ఇక ముప్పై చుట్లు తిప్పుదామని చూస్తే పంపు దగ్గర సీలు కారుతోంది. కొత్త సీలు నా సొరుగులోనే ఉంది. విప్పి, బిగించి, తిప్పి, కొలిచేసరికి మూడు గంటలు పడుతుంది. గడియారం చూశాను. నాలుగు దాటింది. నేను ఇంటికెళ్లే బావ బస్సు నాలుగున్నరకు.

నన్నెవరూ తొందరపెట్టలేదు. మేనేజరు ఆ రోజు ఊళ్లోనే లేడు. ఎవరి మీదకైనా నెట్టేద్దామని ఈ రెండేళ్లలో చాలాసార్లు వెతికాను, ఒక్కరూ దొరకలేదు. అంతకుముందు నలభై బ్యాచ్‌లూ ముప్పై చుట్ల తర్వాత పద్నాలుగు దగ్గర ఆగాయి, ఇదీ అంతేలే అనుకున్నాను. రిపోర్టులో ముప్పై చుట్ల గడిలో పద్నాలుగు అని రాసి, సంతకం పెట్టి, గేటు దగ్గరికి పరుగెత్తాను.

బావ నా కోసం అర నిమిషం బస్సు ఆపి ఉంచాడు.

"ఏం డాక్టరమ్మా, పేషెంట్లంతా క్షేమమేనా?"

"అందరూ క్షేమమే బావా."

నెలన్నర తర్వాత, ఒక సెలవు రోజున భోజనాల దగ్గర ఆయనే కదిపాడు. "ఎండలో కొండెక్కేటప్పుడు ఆయిల్ లైటు మినుకుమినుకుమంటోందే. పైకెళ్లాక ఆరిపోతోంది. వేళ్లతో రాసినా ఎందుకో పలచగా తగులుతోంది. మీ ఆయిల్ సంగతేంటి?"

"వేడి మీద ఏ ఆయిలైనా పలచగానే ఉంటుంది బావా. మట్టం సరిగ్గా చూసుకో చాలు."

పద్దెనిమిదేళ్ల డ్రైవరుకి, రోజుకు రెండుసార్లు డిప్‌స్టిక్ ముంచే మనిషికి, మట్టం చూసుకోమని నేను చెప్పాను. "సరే డాక్టర్ గారూ" అని నవ్వి ఊరుకున్నాడు. ఆ క్షణాన నాకు ఆ గడి గుర్తు రాలేదని రాస్తే అబద్ధమవుతుంది. నోట్లో ముద్ద ఉండగానే గుర్తొచ్చింది. రేపు సీసా తీసి చూద్దాంలే అనుకున్నాను. రేపు వేరే పని పడింది, ఎల్లుండి ఇంకోటి.

అయిదో రోజు మధ్యాహ్నం కొండ మీద సగం దూరంలో ఇంజన్ పట్టేసింది. లోపల రాడ్డు విరిగి, ఇంజన్ గోడను పొడుచుకుని బయటికి వచ్చింది. బస్సు వెనక్కి జారుతుంటే బావ స్టీరింగ్ తిప్పి వెనక చక్రాన్ని కొండ వైపు గట్టుకు ఆనించాడు. నలభై మందీ క్షేమంగా దిగారు. ఒక ముసలాయన కళ్లజోడు పగిలింది, అంతే. ఇంజన్లో ఉన్న ఆయిలంతా రోడ్డు పాలైంది. ఎంత ఉండేదో కొలవడానికి చుక్క మిగల్లేదు.

విచారణకు డిపో ఇంజనీరు మా ల్యాబ్‌కి వచ్చాడు. మా దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. ప్రతి బ్యాచ్ నుంచి ఒక సీసా నింపి, నంబరు అంటించి, రెండేళ్లపాటు అలమారలో దాస్తాం. రేపు ఎవరైనా ఆయిల్ మీద నింద వేస్తే ఆ సీసా సాక్ష్యం చెబుతుంది. ఇంజనీరు ముందే ఆ సీసా తీసి, గాజు గొట్టంలో పోసి, స్టాప్‌వాచ్ నొక్కాను. ఏం వస్తుందో నాకు ముందే తెలుసు. అలమారలో కూర్చున్న ఆయిల్లో దారాలెందుకు తెగుతాయి? పదిహేనే వచ్చింది. ముప్పై చుట్లు తిప్పమని ఆయన అడగలేదు. ఆ గడిలో పద్నాలుగు అని ఉంది కదా, నా సంతకంతో. ఆ రోజు నేను ఒక్క అబద్ధమూ ఆడలేదు. నోరు విప్పలేదంతే.

వెళ్లబోతూ ఆ ఇంజనీరు నా వైపు తిరిగి, "ఆ డ్రైవరు మీ బావగారట కదమ్మా. అయినా ఉన్నదున్నట్టు చూపించావు. ఈ రోజుల్లో ఇలాంటివాళ్లు అరుదు" అన్నాడు. చెంప మీద కొట్టి ఉంటే కొంచెం తేలిగ్గా ఉండేది.

ఆయిల్ మంచిదైతే ఇంక మిగిలింది ఒక్కటే. ఇంజన్లో చాలినంత ఆయిల్ లేదు, డ్రైవరు చూసుకోలేదు. అదే రాశారు. బావని స్టీరింగ్ మీద నుంచి దింపి బస్సులు కడిగే షెడ్డుకి వేశారు. ఆయన నడిపిన బస్సునే సాయంత్రం పైపు పట్టుకుని కడిగేవాడు. మా ఫ్యాక్టరీ మళ్లీ పాత పాలిమరే తెప్పించుకుంది, కొత్తవాళ్లు సమయానికి సరుకు పంపలేదని. అలా ఆ సంగతి చల్లబడిపోయింది.

చల్లబడనిది మా ఇంట్లో. బావ ఎవరి మీదా విరుచుకుపడలేదు, తాగలేదు, అలిగి మూల కూర్చోలేదు. ఆయనకు కొత్త అలవాటొకటి పట్టుకుంది. తలుపు గొళ్లెం వేసి నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి లాగి చూసేవాడు. వీధి చివర దాకా వెళ్లి మళ్లీ వచ్చేవాడు. "గ్యాస్ కట్టేశానా?" అని అక్కని అడిగేవాడు. "మీరే కదండీ కట్టేశారు, నా కళ్ల ముందే" అంటే, "నిజంగా చూశావా?" అనేవాడు. వయసు మీద పడుతోందని అక్క అనుకుంది. నేనూ అలాగే అనుకుందామని చాలా కష్టపడ్డాను. ఆయన పిలుపు మాత్రం మారలేదు. ఇప్పటికీ డాక్టరమ్మే. ఆ మాట వినపడితే మేడ మీదకు వెళ్లిపోయేదాన్ని.

మొన్న సోమవారం, రెండేళ్లు నిండిన సీసాల జాబితా నా బల్ల మీదకొచ్చింది. పారబోసి సంతకం పెట్టాలి. పదకొండు సీసాల్లో అది ఆరోది. పారబోస్తే ఇక ఈ లోకంలో నన్ను పట్టివ్వగలిగేది ఏదీ ఉండదు. అయిదు సీసాలు వంచేశాను. ఆరోదాన్ని పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. ధైర్యం వచ్చిందని చెప్పుకోను. పొద్దున బావ వీధి చివర నుంచి మూడోసారి వెనక్కి రావడం చూశాను, అంతే. సీసా మూత తీసి ముప్పై చుట్లు తిప్పే పంపులో పోశాను.

ముప్పై చుట్లు తిరిగింది. గాజు గొట్టంలో గీత నుంచి గీతకు జారిపోయింది. నేను స్టాప్‌వాచ్ సరిగ్గా నొక్కలేదేమో అనిపించేంత త్వరగా. మళ్లీ కొలిచాను. పదిన్నర. రెండుసార్లూ పదిన్నరే.

జరిగిందంతా ఒక కాగితం మీద రాసి, మేనేజరు చేతికి ఒకటి, డిపో ఇంజనీరు చేతికి ఒకటి ఇచ్చాను. మనసు మారితే వెనక్కి తీసుకోలేకుండా ముందు ఆ పని చేశాను. తర్వాత షెడ్డుకి వెళ్లాను.

బావ మోకాళ్ల దాకా ప్యాంటు మడుచుకుని చక్రాలు కడుగుతున్నాడు. నన్ను చూసి, "ఏంటి డాక్టరమ్మా, ఈ వేళప్పుడు?" అన్నాడు. చెప్పాను. కారుతున్న సీలు, నాలుగున్నర బస్సు, పద్నాలుగు, పదిహేను, పదిన్నర, అన్నీ. ఆయన వెళ్లి కుళాయి కట్టేశాడు. తిరిగి వచ్చాక మళ్లీ కుళాయి వైపు చూడలేదు.

"విచారణలో వాళ్లు అడిగారు" అన్నాడు. "ఆ రోజు పొద్దున చూశావా అని. చూశాననే చెప్పా ముందు. తర్వాత నువ్వు కొలిచి ఆయిల్ బాగుందన్నావని తెలిసింది. నీ లెక్క తప్పదు కదా. మరి తప్పింది నేనే అయ్యుండాలి కదా. చూశానో లేదో గుర్తులేదని రాసిచ్చా."

ఈ సంగతి నాకు తెలియదు. అక్కకీ తెలియదు.

"రెండేళ్లు ఆ ఒక్క పొద్దుటినే తలుచుకుంటూ గడిపా. గుడ్డ జేబులోంచి తీసినట్టే ఉంటుంది. బానెట్ ఎత్తినట్టే ఉంటుంది. అది ఆ రోజో, ముందు రోజో తెలిసేది కాదు." తడి చేతుల్ని చొక్కాకు తుడుచుకున్నాడు. "అయితే ఆ రోజు నేను చూశానన్నమాట."

"చూశావు బావా. రెండుసార్లు చూసుంటావు."

తలూపాడు. నన్ను తిడతాడనుకున్నాను, తిడితే బాగుండుననీ అనుకున్నాను. ఆయన మడిచిన ప్యాంటు కిందికి దించుకుంటూ, నా ముఖం చూడకుండా అన్నాడు:

"ఇంటికెళ్లు. మీ అక్కకి నువ్వే చెప్పు. నా చేత చెప్పించకు."

డాక్టరమ్మా అనలేదు. నడుచుకుంటూ ఇంటికి వచ్చాను. అక్క తలుపు తీసి, ఇంత పెందలాడే వచ్చావేమిటని అడిగింది. చెప్పుల్లోంచి కాళ్లు తియ్యకుండానే, ముందుగా ఆ ఒక్క మాట చెప్పాను. బావ ఆ రోజు డిప్‌స్టిక్ చూశాడక్కా.