నీళ్ల తేదీలు గీసే తాహెర్

బాన్సువాడ కాలువ ఆఫీసులో కాంట్రాక్టు ఆపరేటర్ తాహెర్ పొద్దున్నే వచ్చి, చొక్కా కొసతో కంప్యూటర్ తెర తుడుచుకుని, ఏ ఊరికి ఏ తేదీల్లో నీళ్లు వదులుతారో రంగు గీతలుగా గీస్తాడు. నీలమంటే నీళ్లు, బూడిదరంగంటే బందు. తేదీలు నిర్ణయించేది పైన పెద్దసారు. తాహెర్‌ది రంగు నింపే పని. కానీ రైతులకు పెద్దసారు దొరకడు, తాహెర్ దొరుకుతాడు. మౌస్‌ను మెల్లగా నిమురుతూ తిట్లన్నీ తలొంచుకుని వింటాడు.

మార్చిలో ఒకరోజు వర్ని వైపు, కాలువ చివరి ఊరి నుంచి సీతారావమ్మ వచ్చింది. ఆమె వరి పొట్టమీదుంది, మడి నెర్రెలిచ్చింది. ఆ ఊరి నీలం గీతేమో ఇరవయ్యో తేదీన మొదలవుతోంది.

"అప్పటిదాకా ఆగితే అంతా తాలే బాబూ. ఆ గీతని నాలుగు రోజులు ఇటు జరుపు. నీ చేతిలో పనేగా!"

"గిది ఉత్త బొమ్మ అమ్మా. నేను జరిపితే నీళ్లొస్తయా? ఇగో, చూడు." ఆమెకు తెలిసిరావాలని గీతను పదహారుకు లాగాడు.

గీత కదిలింది. సీతారావమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి బయటికి నడిచింది. తాహెర్ లేచేలోపే వరండాలోంచి ఇంటికి ఫోన్ కలిపింది. "పదహారునే వదుల్తారంట! నీళ్లు తోడ్డానికి మాట్లాడిన కిరాయి ఇంజను వద్దని చెప్పెయ్!"

"అమ్మా, గట్ల కాదు! నీళ్లు రావు!" తాహెర్ చెప్పుల్లేకుండా రోడ్డు దాకా ఉరికాడు.

ఆమె బస్సు మెట్టు మీద నిలబడి పెదవులపై వేలు పెట్టుకుంది. "ఊరుకో బాబూ, నాకు తెలీదా? నీ పేరు ఎక్కడా చెప్పన్లే."