మా మరిది ఫోన్‌కు హారతి

కిరండూల్‌లో మాది కంపెనీ క్వార్టర్. మా ఆయన గనిలో షావెల్, అంటే తొండంతో ఖనిజం తవ్వి లారీలకెత్తే యంత్రం, నడుపుతారు. నలభై దాటాక నాకు ప్లాస్టిక్ ముక్కలు బిగించి పెద్ద పెద్ద బొమ్మలు కట్టే పిచ్చి పట్టుకుంది. కిందటేడు వేసవంతా కూర్చుని, ఆయన నడిపే షావెల్‌నే టీవీ అంత ఎత్తున కట్టాను.

పనిముట్లకు చేసే విశ్వకర్మ పూజకు బచేలీ నుంచి వచ్చిన మా మరిది దాన్ని చూసి, "ఏంటొదినా, ఈ వయసులో చిన్నపిల్లలాటా?" అంటూ తొండం పట్టుకు లాగాడు. అది ఊడి, ముక్కలు గదంతా చెల్లాచెదురయ్యాయి. పైగా పడీపడీ నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

పూజలో పెట్టిన పనిముట్టును మర్నాటిదాకా ముట్టుకోకూడదని మా అత్తగారి కట్టడి. మరిది స్నానానికి వెళ్లగానే అతని ఫోన్ తెచ్చి, పూజలో ఉన్న మా ఆయన పానాల పక్కన పెట్టి, బొట్టు పెట్టేశాను. హారతి అయ్యాక చూసుకుని లబోదిబోమన్నాడు.

"దాన్ని ముట్టావంటే చేతులు విరగ్గొడతా!" అన్నారు అత్తగారు.

మరిదికి కొత్తగా పెళ్లి కుదిరిన అమ్మాయి నుంచి ఫోన్లే ఫోన్లు. దేవుడి ముందు అది మోగుతూనే ఉంది, ఇతను చూస్తూనే ఉన్నాడు.

సాయంత్రానికి ఏం తోచక, తనే ముక్కలేరి తొండం బిగించాడు. "వదినా, ఒక్క ముక్క తక్కువొచ్చింది."

"వెతుకు నాయనా" అన్నాను.

పగ మంచిది కాదంటారు. అలా అనేవాళ్ల బొమ్మను ఎవరూ విరగ్గొట్టి ఉండరు. ఆ ముక్క ఇప్పటికీ నా పోపుల డబ్బాలో మెంతుల కింద ఉంది. మరిది వచ్చినప్పుడల్లా మంచం కింద దూరి వెతుకుతాడు. నేను పోపు వేసుకుంటూ చూస్తుంటాను.