పేలిన కేకు

తొంభైలలో అరకు దగ్గర ఓ కొండ ఊళ్లో టీచరుగా చేరిన కొత్తలో, క్రిస్మస్‌కి ఇంట్లోనే కేకు చేస్తానని చర్చిలో అందరి ముందూ గొప్పలు పోయాను. తీరా చూస్తే ఆ ఊళ్లో ఓవెన్ ఎక్కడిది? అవతల పండగ ప్రార్థనకి పాస్టరుగారు మా ఇంటికి వచ్చే వేళవుతోంది.

పక్కింటి చిలకమ్మత్త నవ్వింది. "కోడినే బొంగులో కాల్సేత్తాం, నీ కేకు ఏపాటిది టీచరమ్మా!"

పచ్చి వెదురు బొంగు నరికి తెచ్చి, కోడిమాంసం కూరినట్టే పిండిని అంచుదాకా నింపింది. అడ్డాకులతో మూతి బిగించింది. "ఆవిరి పోతే పచ్చిగుండిపోద్ది" అంటే, నేను ఇంకో గుప్పెడు ఆకులు కుక్కాను. కోడి పొంగదనీ, కేకు పొంగుతుందనీ ఇద్దరికీ తట్టలేదు.

వాకిట్లో మంట మీద బొంగు కాలుతుండగా పాస్టరుగారు వచ్చి, కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. ఆమెన్ దాకా రాకముందే ఢామ్మని పేలింది! కేకు చూరుకు కట్టిన కాగితం నక్షత్రాన్ని చీల్చుకుంటూ పోయి గోడకి అతుక్కుంది.

పాస్టరుగారు కోళ్ల గూడు వెనక నుంచి తల పైకెత్తి, "ఏటమ్మా అది?" అన్నారు.

"కేకండీ" అన్నాను.

చిలకమ్మత్త మాత్రం గోడ మీది ముద్ద గోకి నోట్లో వేసుకుంది. "బాగానే ఉడికిపోనాది."

ఇప్పుడు మా ఇంట్లో ఓవెన్ ఉంది. కేకు ఎంత బాగా పొంగినా, చప్పుడు లేకుండా వస్తే నాకు పండగలా అనిపించదు.