బుధవారం ఆరింటికి తలుపు వేసి ఉంటుంది

ఆఫీసు నుంచి వచ్చిన మెయిల్ చాలా మర్యాదగా ఉంది. రెండు నెలల తర్వాత వచ్చే మొదటి తారీఖు నుంచి అందరూ వారానికి మూడు రోజులు గురుగ్రామ్ ఆఫీసుకు రావాలి. ఎప్పటిలాగే ఇంటి దగ్గరికి క్యాబ్ వస్తుంది. ఇకమీదట ఎవరికీ మినహాయింపు లేదు. ఆ ‘ఎవరికీ’ అన్న మాట తన కోసమేనని సుభాషిణికి తెలుసు. టీమ్‌లో ఇంకా ఇంటి నుంచి పనిచేస్తున్నది ఆవిడ ఒక్కతే.

ఢిల్లీ శివారు ఇందిరాపురంలో మా టవర్‌లో ఉన్న తెలుగువాళ్లందరికీ సుభాషిణి బాగా తెలుసు. పుట్టింది తణుకులో. పెళ్లయ్యాక ఢిల్లీ వచ్చి, హిందీ రాకుండానే ఉద్యోగం వెతుక్కుని, ఓ పెద్ద కంపెనీలో జీతాల విభాగం దాకా ఎదిగింది. గట్టిగా నవ్వుతుంది. లిఫ్టులో ఎవరు కనపడినా మాట కలుపుతుంది. రెండు చలికాలాల క్రితం వరకూ ఆవిడ ఆఫీసు క్యాబ్‌లో వెళ్తుంటే లోపలి మాటలు గేటు దగ్గరికి వినపడేవి, ఎందుకంటే పక్క సీట్లో సునంద ఉండేది. సునందది విజయవాడ. వీళ్లిద్దరూ మాట్లాడుకుంటుంటే మిగతావాళ్లు ఇయర్‌ఫోన్లు పెట్టుకునేవారు.

ఒకరోజు పొద్దున్నే, పొగమంచులో, ఎక్స్‌ప్రెస్‌వే మీద ఆగి ఉన్న లారీని ఆ క్యాబ్ గుద్దింది. సునంద చనిపోయింది. సుభాషిణికి భుజం దగ్గర ఎముక విరిగింది. ఎముక అతుక్కున్నాక ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకున్నారు.

కానీ ఆ తర్వాత ఆవిడ కారెక్కలేదు. ఎక్కబోతే చేతులు చల్లబడిపోయేవి, గొంతు పట్టేసేది. ఆటో కూడా అంతే. కూరగాయలకు నడిచి వెళ్లేది, బంధువుల ఇళ్లకు వెళ్లడం మానేసింది. ఇల్లు, ల్యాప్‌టాప్, బాల్కనీ. అంతటితో సరిపెట్టేసుకుంది. ఇప్పుడీ మెయిల్ వచ్చింది.

“మెట్రోలో వెళ్లరాదూ?” అన్నాడు భర్త రఘునందన్.

“వైశాలి స్టేషన్ దాకా ఎలా వెళ్లనండీ, ఎగిరా? గురుగ్రామ్‌లో దిగాక మళ్లీ హైవే మీదే పోవాలి ఆఫీసుకి.”

“పోనీ మానెయ్ సుభా. ఇల్లేం ఆగిపోదు.”

“ఇల్లు ఆగదు. మరి నేనేం చెయ్యను పొద్దున్నుంచీ? బాల్కనీలో నించుని లారీలు లెక్కెట్టుకోనా?”

సుభాషిణి ఆ సాయంత్రమే, ఎముకల డాక్టరు ఎప్పుడో ఇచ్చిన సలహాను బయటికి తీసింది. ఇలాంటి దెబ్బలకు మనసు వైద్యం చేసేవాళ్లుంటారని ఆయన అప్పుడే చెప్పాడు. క్లినిక్కులన్నీ దక్షిణ ఢిల్లీలో ఉన్నాయి. కారెక్కలేని మనిషి వైద్యానికి కారెక్కి వెళ్లాలి, బాగుంది వరస అనుకుంది. చివరికి వీడియోలో తెలుగులో చూసే థెరపిస్టు ఒకావిడ దొరికింది. పేరు స్నిగ్ధ, ఉండేది హైదరాబాద్. బుధవారాలు సాయంత్రం ఆరింటికి.

ఇంట్లో మాత్రం ఆఫీసు మీటింగ్ అని చెప్పింది. అసలు చిక్కు అక్కడే వచ్చిపడింది.

రెండు పడగ్గదుల ఫ్లాటు. ఆ ఇంట్లో పగలు తలుపు వేసుకునే అలవాటు ఎవరికీ లేదు. పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచీ సుభాషిణి తలుపు గడియ పెట్టింది బట్టలు మార్చుకోవడానికే. అందుకని మొదటి సెషన్‌కి తలుపు దగ్గరగా వేసి మంచం మీద కూర్చుంది. స్నిగ్ధ ముందు ఇంటి అడ్రసు, అవసరమైతే ఎవరికి ఫోన్ చెయ్యాలో రాసుకుంది. “ఇప్పుడు మీ చుట్టుపక్కల ఎవరన్న ఉన్నరా? మీరు ఫ్రీగా మాట్లాడొచ్చు గదా?” అని అడిగింది. సుభాషిణి “ఎవరూ లేరండీ” అనేలోపు తలుపు తోసుకుని అత్తగారు అన్నపూర్ణేశ్వరి కాఫీ గ్లాసుతో లోపలికి వచ్చింది. ల్యాప్‌టాప్‌లోంచి తెలుగు వినపడేసరికి ఆవిడ ముఖం వెలిగిపోయింది. గ్లాసు పక్కన పెట్టి, కోడలి పక్కనే కూర్చుని, తెరలోకి తొంగి చూసింది.

“తెలుగమ్మాయివా? మీదే ఊరమ్మా?”

“నల్గొండ అండీ,” అంది స్నిగ్ధ, తడబడుతూనే.

“నల్గొండా! మా ఆడపడుచు తోడికోడలు వాళ్లాయన అక్కడే ట్రెజరీలో చేసేవారు. రాజగోపాల్ గారని. పొడుగ్గా ఉంటారు. నీకు తెలిసే ఉంటారే.”

“లేదండీ, నాకు తెల్వదు.”

“అత్తయ్యా, మీటింగ్‌లో ఉన్నాను,” అంది సుభాషిణి.

“ఉండవే. మీ ఆఫీసులో తెలుగమ్మాయి ఉందని ఇన్నాళ్లూ చెప్పనే లేదు నాకు. పెళ్లయిందా అమ్మా?”

ఆ సెషన్‌లో సగం అత్తగారి సొంతూరు ఏలూరు కబుర్లతోనే పోయింది. పైగా మరుసటి వారం బుధవారం పొద్దున్నుంచే అత్తగారు “మీ నల్గొండ అమ్మాయి ఇవాళ వస్తుందా?” అని అడగడం మొదలుపెట్టింది.

సుభాషిణి ఉపాయం ఆలోచించింది. అత్తయ్యకు ఇంగ్లీషు రాదు, ఇంగ్లీషులో మాట్లాడితే సరి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఇంగ్లీషులో మొదలుపెట్టింది. అత్తగారు గుమ్మం దాకా వచ్చి, నిరాశపడి, వెనక్కి వెళ్లిపోయింది. కానీ హాల్లో హోంవర్క్ చేసుకుంటున్న కూతురు ప్రణతి తల ఎత్తింది. దానికి ఇంగ్లీషే ముందు, తర్వాతే ఏదైనా. ఆ రాత్రి భోజనాల దగ్గర, “మమ్మీ, హూ డైడ్?” అని అడిగేసింది. హిందీలోకి మారదామంటే ప్రణతికి అదీ బాగానే వచ్చు. అత్తయ్యకు తెలుగు, కూతురికి మిగతా రెండూ. రహస్యంగా ఒక మాట చెప్పుకోవడానికి ఆ ఇంట్లో ఒక్క భాష కూడా మిగల్లేదు.

ఆ తర్వాతి సెషన్‌లో గొంతు బాగా తగ్గించి ఇంగ్లీషులోనే ఆ రోజు జరిగిందంతా చెప్పింది. వెహికల్, స్టేషనరీ ట్రక్, లో విజిబిలిటీ. చెప్పడం తొందరగానే అయిపోయింది. ఒక్క చుక్క కన్నీరు రాలేదు. పర్వాలేదు, బాగానే చేశాననుకుంది.

స్నిగ్ధ తెలుగులోకి వచ్చింది.

“సుభాషిణి గారూ, ఒక మాట అంటా, ఏమనుకోకండి. మీరు నాకు ఇన్సూరెన్సోళ్లకు రాసిచ్చిన రిపోర్టు చదివినట్టు చెప్తున్నరు. ఆ కారులో మీరు ఏ భాషల మాట్లాడుకుంటున్నరు?”

“తెలుగులోనే,” అంది సుభాషిణి.

“అదే భాషల చెప్పాలె. మెల్లగ, కళ్లు మూసుకుని, ఇప్పుడు జరుగుతున్నట్టు. ఒక్కసారి గాదు, మళ్లమళ్ల. బాధ ఎక్కువైతది, ఎక్కువై తగ్గుతది. తగ్గేదాక మనం ఆడనే ఉండాలె. గొంతు తగ్గిస్తే ఈ పని కాదు.”

“మా ఇంట్లో కుదరదండీ.”

“అయితే ఎట్ల కుదురుతదో మీరే చెప్పండి. మీ ఇల్లు మీకు తెలుసు, నాకు తెల్వదు.”

ల్యాప్‌టాప్ మూసి సుభాషిణి చాలాసేపు ఆ తలుపు వంక చూసింది. తలుపుకి గడియ ఉంది. ఉన్న గడియ పెట్టుకోవడానికి ఇంత మొహమాటం ఏమిటని తనమీద తనకే కోపం వచ్చింది.

మర్నాడు పొద్దున టిఫిన్ దగ్గర ముగ్గురూ ఉన్నప్పుడు చెప్పేసింది.

“అత్తయ్యా, ఆ నల్గొండ అమ్మాయి మా ఆఫీసు కాదు. డాక్టరు లాంటిది. యాక్సిడెంట్ తర్వాత నాకు పట్టుకున్న భయానికి వైద్యం చేస్తోంది. బుధవారం ఆరింటికి నేను తలుపు గడియ పెట్టుకుంటాను. లోపల ఏడుపు వినపడొచ్చు, అరుపు కూడా వినపడొచ్చు. ఎవరూ తలుపు కొట్టకండి. గంటకి నేనే బయటికొస్తాను.”

అన్నపూర్ణేశ్వరి చేతిలో ఇడ్లీ ముక్క అలాగే ఉండిపోయింది.

“ఏడ్చేదానికి డబ్బులిచ్చి మనిషిని పెట్టుకున్నావా? మాకు చెప్పుకుంటే మేం వినం అంటామా?”

“మీరు వింటే ఏడవొద్దంటారు అత్తయ్యా.”

“అనమా మరి! ఇంటి కోడలు గొల్లుమంటుంటే వినోదం చూడమంటావా?”

“అందుకే గడియ.”

రఘునందన్ నీళ్ల గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. ప్రణతి మాత్రం, “మమ్మీ, మైఁ డోర్ పే నోట్ లగా దూఁ? డూ నాట్ డిస్టర్బ్?” అంది.

“పెట్టవే. తెలుగులో కూడా రాసిపెట్టు, మీ నాన్నమ్మకి.”

“నాకు తెలుగు రాయడం రాదు.”

“అయితే నాన్నమ్మతోనే రాయించు,” అంది సుభాషిణి. అత్తగారు మూతి ముడుచుకుంది కానీ, బుధవారం సాయంత్రానికి తలుపు మీద కాగితం అంటించి ఉంది. దాని మీద ఆవిడ గుండ్రటి దస్తూరిలో ‘కోడలు పనిలో ఉంది’ అని ఉంది.

గడియ పెట్టి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, కళ్లు మూసుకుని సుభాషిణి తెలుగులో మొదలుపెట్టింది. పొగమంచు. అద్దాల మీద చెమ్మ. సునంద ఒళ్లో లంచ్ బ్యాగు. ఐఎన్ఏ మార్కెట్లో గోంగూర దొరికిందని చెబుతోంది. “నేనైతే కడిగాక ఆరబెట్టనక్కా, ఎందుకంటే” అంటోంది. అక్కడ సుభాషిణి ఆగిపోయింది.

“ఎందుకంటే?” అంది స్నిగ్ధ మెల్లగా.

“అంతే. అంతవరకే అంది.”

ఇంగ్లీషులో చెప్పినప్పుడు ఆ మాట ‘షీ వాజ్ టాకింగ్ అబౌట్ కుకింగ్’ అని వెళ్లిపోయింది. ఇప్పుడు సునంద గొంతుతో సహా వచ్చింది. సగంలో తెగిపోయిన ఆ వాక్యాన్ని మోసుకుంటూ రెండేళ్లుగా తిరుగుతున్నానని ఆవిడకు అప్పుడే తెలిసింది. గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. అది తనదేనా అనిపించింది. స్నిగ్ధ ఆపలేదు, ఓదార్చలేదు. “మళ్ల మొదటికెళ్దాం” అంది. మళ్లీ మొదటికి వెళ్లారు. ఆ సాయంత్రం ఆ కారు అలా మళ్లీ మళ్లీ బయల్దేరింది.

గడియ తీసి బయటికొచ్చేసరికి హాల్లో టీవీ చెవులు చిల్లులు పడేంత గట్టిగా మోగుతోంది. ప్రణతి చెవులు మూసుకుని కూర్చుంది.

“నాన్నమ్మా, వాల్యూమ్ తో కమ్ కరో ప్లీజ్. కింద ఫ్లాట్ ఆంటీ ఫోన్ కూడా చేశారు.”

“చేస్తే చేసిందిలే,” అంది అన్నపూర్ణేశ్వరి రిమోట్ వదలకుండా. కోడలి ఉబ్బిన కళ్లను చూసింది. “అయిందా నీ పని? అయితే తగ్గిస్తాను,” అని సౌండ్ తగ్గించి వంటింట్లోకి వెళ్లింది. ఆ తర్వాత ప్రతి బుధవారం ఆ సీరియల్ టవర్ మొత్తానికీ వినపడింది.

చెప్పడం అయ్యాక చెయ్యడం మొదలైంది. ముందు బేస్‌మెంట్‌లో ఆగి ఉన్న సొంత కారులో ఊరికే కూర్చోవాలి. ఫోన్ డ్యాష్‌బోర్డు మీద పెట్టుకుంటే తెరలో స్నిగ్ధ ఉంటుంది. ఒకటే షరతు పెట్టింది ఆవిడ. భయం పైకెక్కినప్పుడు దిగకూడదు. తగ్గాక దిగొచ్చు. పైనున్నప్పుడు దిగితే, దిగడం వల్లే బతికామని ఒళ్లు నేర్చుకుంటుందట.

రఘునందన్ తోడొస్తానన్నాడు. “లిఫ్టు దగ్గర నించోండి, కారు దాకా రావొద్దు,” అంది సుభాషిణి.

ఎక్కి తలుపేసుకుంది. బెల్టు పెట్టుకునేసరికి చేతులు చల్లబడ్డాయి. “పాదాలు నేలకు గట్టిగ ఆనించండి. ఇప్పుడు కనబడేవి చెప్పండి,” అంది స్నిగ్ధ. స్తంభం, ఎర్ర బకెట్, ఎవరిదో సైకిలు. అంతలో రెండు వరసల అవతల ఎవరో కారు వెనక్కి తీస్తూ గట్టిగా హారన్ కొట్టారు. బేస్‌మెంట్ అంతా దద్దరిల్లింది. సుభాషిణి తెర వైపు చూసింది. స్నిగ్ధ నోరు సగం తెరిచి అలాగే ఉండిపోయింది. సిగ్నల్ పోయింది.

దిగిపోవచ్చు. నెట్‌వర్క్ లేదని చెప్తే ఎవరూ తప్పుపట్టరు. చెయ్యి తలుపు పిడి మీదికి వెళ్లింది కూడా. “ఇప్పుడు కాదు,” అని పైకే అంది. పిడి మీద చెయ్యి తీసి స్టీరింగ్ పట్టుకుంది. స్తంభం, బకెట్, సైకిలు. మళ్లీ స్తంభం, బకెట్, సైకిలు. ఎంతసేపో తెలియదు, కాసేపటికి చేతుల్లోకి వేడి తిరిగొచ్చింది. అప్పుడు దిగింది. లిఫ్టు దగ్గర భర్త ముఖం పాలిపోయి ఉంది.

“కట్ అయిపోయినట్టుంది కదా, వచ్చెయ్యకపోయావా?”

“వచ్చేస్తే మళ్లీ రేపు ఇదే కథ కదండీ,” అంది, చీర కొంగుతో మెడ తుడుచుకుంటూ.

తర్వాత ఇంజన్ ఆన్ చేసి కూర్చుంది. తర్వాత రఘునందన్ నడుపుతుంటే స్వర్ణ జయంతి పార్కు దాకా వెళ్లొచ్చింది. ఒకసారి సగంలో కక్కుకుంది. మర్నాడు సాయంత్రం అదే దారిలో మళ్లీ వెళ్లింది. ఎక్స్‌ప్రెస్‌వే దాకా ఇంకా రాలేదు, రెండో నెలాఖరు వచ్చేసింది.

“నేను లెటర్ రాసిస్తా, ఇంకో నెల టైమ్ అడగండి,” అంది స్నిగ్ధ. “అది మీ హక్కే, అడగడంల తప్పేం లేదు.”

“నెల ఇస్తే ఆ నెలంతా ఆ రోజు కోసమే భయపడతానండీ. వెళ్తాను. వెళ్లలేకపోతే అప్పుడు లెటరడుగుతాను.”

ఒకటో తారీఖు ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. క్యాబ్‌లో ఇద్దరు కుర్రాళ్లు ముందే ఎక్కి ఉన్నారు. ఒకడు డ్రైవర్ పక్కన నిద్రపోతున్నాడు, ఒకడు వెనక ఫోన్ చూసుకుంటున్నాడు. బాల్కనీలోంచి అత్తగారు, ప్రణతి చూస్తున్నారని తెలుసు, తలెత్తలేదు. ఎక్కి కూర్చుంది. కాలనీ రోడ్లు గడిచిపోయాయి. ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కాక ముందు ఒక లారీ కనిపించింది. దాని వెనక తలుపు క్షణక్షణానికీ పెద్దదవుతోంది.

“భయ్యా,” అంది ఎలాగో. “ఆగే పెట్రోల్ పంప్ పే రోక్ దీజియే.”

బంకులో ఆగాక దిగి, నీళ్ల కుళాయి పక్కన నిలబడింది. వెనక సీటు కుర్రాడు కిటికీలోంచి తల బయటపెట్టాడు.

“మేడమ్, లేట్ హో రహా హై.”

“పతా హై. దో మినిట్.”

చేతిలో ఫోన్ ఉంది. రఘునందన్‌కి ఫోన్ చేస్తే వచ్చి తీసుకెళ్తాడు, ఒక్క మాట అనడు. ఇవాళ బుధవారం కాదు, స్నిగ్ధ కూడా ఉండదు. సుభాషిణి ఫోన్ బ్యాగులో వేసి జిప్పు పెట్టింది. చెప్పులు తీసి పాదాలు వేడి నేలకు ఆనించింది. కనపడేవి ఒక్కొక్కటే పేరు పెట్టి చెప్పుకుంది. భయం పూర్తిగా పోలేదు. కాస్త తగ్గింది. ఆ కాస్త చాలనుకుని చెప్పులేసుకుని, తనే తలుపు తీసుకుని, అదే సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంది.

“ట్రక్ సే దూర్ రఖనా, భయ్యా.”

“జీ మేడమ్,” అన్నాడు డ్రైవర్, లారీలకు ఎడంగా పోనిస్తానన్నట్టు తలూపి.

పక్క కుర్రాడు ఒక చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి, బాగానే ఉన్నారా అని కొంచెం సిగ్గుపడుతూ అడిగాడు.

“ఆప్ ఠీక్ హైఁ?”

“నహీఁ,” అంది సుభాషిణి, కళ్లు రోడ్డు మీదినుంచి తిప్పకుండా. “చలియే.”