కారం లేని ఎర్ర కూర

కోడికూర వండడంలో నాతో పోటీకి వచ్చే మనిషి మా వైపు ఇంకా పుట్టలేదు. నా గొప్ప నేనే చెప్పుకుంటున్నానని నవ్వితే నవ్వండి. మా నాయన చేత కారం లేని కూర తినిపించిన దాన్ని నేను. ఆళ్లగడ్డలో ఆయన్ను ఎరిగిన వాళ్లెవరూ ఈ మాట నమ్మరు.

నాయన రాతి విగ్రహాలు చెక్కుతాడు. పోయిన ఏడాది కడుపులో పుండు పడితే నంద్యాల తీసుకొచ్చి, మా ఇంటి దగ్గర డాక్టరుకు చూపించాను. పుండు మానేదాకా కారం, పులుపు ముట్టకూడదు, మెత్తగా ఉడికిన తిండి బాగా తినాలి అని గట్టిగా చెప్పాడాయన. నాయన మొదటి మాట విన్నాడు, రెండోది వినలేదు. ఊరికి పోయాక అమ్మ గంజి, పెరుగన్నం పెడితే ముఖం తిప్పుకునేవాడు.

"నేనేమన్నా బాలింతనా? తీసుకపో ఈడ్నించి."

మనిషి చిక్కి సగమయ్యాడు. సుత్తి ఎత్తితే చెయ్యి వణుకుతోందని, పనికి పోవడమే మానేశాడని అమ్మ ఫోనులో ఏడ్చింది. "నా వల్ల కాదు పాపా. నువ్వన్నా వచ్చి తినిపియ్యి." భయం వేసింది, అంతకు మించి ఒళ్లు మండింది. ఆ ఆదివారం చర్చి వదలగానే నాటుకోడి కొట్టించుకుని, కూరగాయల సంచితో బస్సెక్కాను.

మా వాళ్లకు ఎర్రగా లేనిది కూరే కాదు. రుచి సంగతి తర్వాత, ముందు కంటికి ఆనాలి. అందుకే క్యారెట్, బీట్‌రూట్ ఉడికించి రుబ్బి, కోడి ముక్కల్లో కలిపాను. అమ్మ గిన్నెలోకి తొంగి చూసి, "ఏందీ ఇది, శరబత్తా?" అంది. నిజమే, గులాబీ రంగుకు తిరిగింది. నేను ఊరుకుంటానా? ఉల్లిపాయలు నల్లబడేదాకా వేయించి, ధనియాలు, కొబ్బరితో నూరి వేశాను. రంగు దారికొచ్చింది. సొరకాయ, బీన్స్, ఉర్లగడ్డ ముక్కలు పడేసి, ఎముక నుంచి కండ ఊడొచ్చేదాకా సన్నటి సెగ మీద ఉడికించాను. ఇల్లంతా ఘుమఘుమలాడింది.

పిలవకముందే నాయన వచ్చి కూర్చున్నాడు. సంగటి ముద్దలో గుంట చేసి కూర పోశాను.

"మిరప్పొడి ఎంతేసినావ్?"

"చూసే ఏసినాలే. తిను నాయనా."

మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు. నా వంక ఓసారి చూసి రెండో ముద్ద తుంచాడు.

అంతలో ఆయనతో కలిసి రాళ్లు చెక్కే మనిషి పలకరించడానికి వచ్చాడు. "ఏమప్పా, తింటాండావా?" అంటూ గడపలో కూర్చున్నాడు. అమ్మ మర్యాదకు ఇంకో పళ్లెం తీసింది. ఒక్క ముక్క తిన్నాడంటే గుట్టు రట్టే. చప్పిడి కూర తింటున్నాడని బయట తెలిస్తే నాయన మళ్లీ ముద్ద ముట్టడు.

"ఆయప్పకొద్దు," అన్నాడు నాయన. "మా పాప చేసిందప్పా. శానా కారం. నువ్వు తట్టుకోలేవు."

అని, చుక్క చెమట లేని నుదుటిని తువ్వాలుతో తుడుచుకున్నాడు. మిగిలిన కూరంతా ఆయన పళ్లెంలోకే వంచాను.